పొలము ఓర ఎవరిది?

ధ్యానభాగము: లేవీయకాండము 19:9, 10

పొలము కోయునప్పుడు ఓరలను విడిచిపెట్టవలెననియు, రాలిన పరిగెను యజమాని ఏరుకొనరాదనియు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ ఇయ్యబడెను. అవి బీదలకును పరదేశులకును చెందవలెను. దీనిని మనము తరచుగా దానధర్మములను గూర్చిన బోధగా చదువుదుము. కాని ఇది దానము కాదు. దానము ఇచ్చువాని ఇష్టము. ఓర విడుచుట యజమాని ఇష్టమునకు వదలిన సంగతి కాదు; అది చట్టము. ఆ ఓరపై బీదవానికి హక్కు కలదు.

ఈ సత్యమును మూతపడిన మిల్లుల భూములకు అన్వయించి చూతము. ముంబయి నగరములో సుమారు 600 ఎకరముల భూమిలో 58 బట్టల మిల్లులుండెను. మరాఠీ కార్మికులతోపాటు తెలంగాణమునుండి వలసపోయిన మన పద్మశాలీలును వాటిలో తరతరములుగా పనిచేసిరి. 1982 జనవరి 18న సుమారు రెండున్నర లక్షలమంది సమ్మెకు దిగిరి. సమ్మె ఫలింపలేదు, అనేక మిల్లులు మరల తెరువబడలేదు. పొగగొట్టములు చల్లారెను, షెడ్లలో పిచ్చిమొక్కలు మొలిచెను. కాని వాటి క్రింది నేల వెల మాత్రము పెరుగుచునే యుండెను.

1991లో ప్రభుత్వము ఒక నియమము చేసెను. మిల్లును పడగొట్టి క్రొత్త కట్టడములు కట్టగోరు యజమాని, భూమిలో సుమారు మూడవ వంతు తోటలకును ఆటస్థలములకును, మరియొక మూడవ వంతు సామాన్యుల ఇండ్లకును ఇచ్చి, మిగిలినది తాను ఉంచుకొనవలెను. ఇది మన కాలపు ఓర అనదగినది. అయితే 2001లో నియమమును మార్చిరి. కట్టడములున్న చోటు, వాటిని పడగొట్టినను, లెక్కకు రాదు; మొదటినుండి ఖాళీగా నున్న స్థలములోనే వంతులు వేయవలెను. దీనివలన నగరమునకు రావలసిన భాగము మిక్కిలి తగ్గిపోయెను. ఓర విడుతును గాని విత్తనము చల్లని చోటనే విడుతునని రైతు చెప్పినట్లున్నది గదా! ఈ మార్పునకు విరుద్ధముగా హైకోర్టు 2005లో తీర్పు చెప్పినను, 2006లో సుప్రీంకోర్టు మారిన నియమమునే నిలిపెను.

యజమానుల మాటయు మనము వినవలెను. భూమి అమ్మిననే అప్పులును కార్మికుల బకాయిలును తీరుననియు, అధికభాగము వదలుకొనవలసి వచ్చినయెడల ఎవరును ముందుకు రారనియు వారి వాదము. ఇందులో కొంత నిజము లేకపోలేదు. కాని ఆ నేలకు అంత వెల తెచ్చినది ఎవరు? యజమాని పెట్టుబడి ఒక్కటేనా? మరమగ్గములను నడిపిన చేతులు, చుట్టునున్న ఇరుకు గదులలో కాపురముండి ఆ పేటను నిలిపిన కుటుంబములు, నగరము వేసిన బాటలు, రైలుమార్గములు—ఇవన్నియు కలిసి తెచ్చిన వెల అది. పదిమంది పండించిన పంటను ఒక్కరు ఓరలతోకూడ కోసికొనుట చట్టసమ్మతము కావచ్చును. అది న్యాయమగునా?

2012లో మిల్లు కార్మికుల కుటుంబములకు 6,925 ఇండ్లను చీట్లు తీసి కేటాయించిరి. దరఖాస్తు పెట్టుకొన్నవారు లక్షకు పైగా ఉండిరి. తోటల సంగతియు ఇట్టిదే. పెద్ద భవనముల ప్రహరీలోపల పచ్చిక పెరిగినంతమాత్రమున నగరమునకు నీడ దొరకదు. గేటు దాటి లోపలికి రాలేని పిల్లవానికి ఆ చెట్టు ఉన్నను లేనట్టే.

ఇది ముంబయి ఒక్కదాని ప్రశ్న కాదు. వరంగల్లులో ఆజంజాహి మిల్లు మూతపడినది. ఇట్టి నేలలు మరి ఎన్నియో పట్టణములలో కలవు. మన సంఘముల చేతిలోనున్న పాత ఆవరణములను గూర్చియు ఒకనాడు ఇదే ప్రశ్న వచ్చును. అప్పుడు మనము జ్ఞాపకముంచుకొనవలసినది ఒకటే: ఓరను కోతకు ముందే గుర్తుపెట్టవలెను. కోసినవారు కోసికొనిపోయిన పిమ్మట మిగిలినదానిని ఓర అని పిలువరాదు.