రేపటి కాయకము – నేటి భోగము

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెలలో వడ్డీని శాతములలో చెప్పుకొనరు, రూపాయలలో చెప్పుకొందురు. నూరు రూపాయలకు నెలకు రెండు రూపాయలు చెల్లింపవలసియున్నచో అది ‘రెండు రూపాయల మిత్తి’. అక్షరము నేర్వని ముదుసలి సైతము మూడు రూపాయల మిత్తి యనగానే ఉలికిపడి, “అంత మిత్తి ఎందుకు బిడ్డా?” అని వారించును. అట్టి ఇంటనే నేడు ఉద్యోగియైన కుమారుని జేబులో క్రెడిట్ కార్డు ఉండును. గడువులోగా తీర్పని బాకీపై అనేక కార్డులు వసూలు చేయు వడ్డీ నెలకు మూడు, మూడున్నర రూపాయల వరకు ఉండును. తల్లి వద్దన్న మిత్తినే కుమారుడు చెల్లించుచున్నాడు. పేరు మారినంతమాత్రమున ఋణము స్వభావము మారునా అనునది విచారింపదగిన ప్రశ్న.

ఈ కార్డు తెలుగువారికి కొత్తదియేమియు కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టి, దేశమున ఈ మార్గము తొక్కిన తొలి బ్యాంకులలో ఒకటియయ్యెను. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఆనాడు కొందరు సంపన్నులకే పరిమితమైన కార్డు నేడు సామాన్య గృహస్థుని చేతికి వచ్చినది.

కార్డు చేయు పని యథార్థముగా తెలిసికొనవలెను. కొనుగోలు చేసిన దినము మొదలు బిల్లు గడువు వరకు, సాధారణముగా నలుబది యైదు లేక ఏబది దినములకు మించకుండ, వడ్డీ లేదు. గడువులోగా బాకీ మొత్తము చెల్లించినవానికి కార్డు ఒక సౌకర్యమే. అందు కొంత మిగిల్చినచో ఆ వెసులుబాటు పోవును. వడ్డీ కొన్న దినము నుండియే లెక్కకు వచ్చును. కార్డుతో నగదు తీసినచో తీసిన దినము నుండియే వడ్డీ, దానిపై రుసుము కూడ.

ఒక ఉదాహరణము చూడదగును. ఒక గృహస్థు నూతన గృహప్రవేశమునాడు బంధుమిత్రులకును జంగములకును విందు చేసెను. నలువదివేల రూపాయలు కార్డుపై వ్రాయించెను. ఊరు మెచ్చెను. గడువు వచ్చినపుడు బిల్లుపై ‘కనీస చెల్లింపు’ అను పేర నూటికి ఐదు వంతున రెండువేలు కనిపించెను. ఆ రెండువేలు చెల్లించి ఋణధర్మము నెరవేరినదని తలంచెను. నెలకు మూడున్నర వంతున వడ్డీ 1,400 రూపాయలు, ఆ వడ్డీపై పదునెనిమిది శాతము పన్ను 252 రూపాయలు. అతడు చెల్లించిన రెండువేలలో అసలుకు చేరినది 348 రూపాయలే. విందు ఒకపూటలో ముగిసినది, దాని బాకీ మాత్రము ఏండ్లతరబడి ఇంటిలో కూర్చుండును. పిల్లల చదువునకు, వృద్ధుల మందులకు పోవలసిన ధనము దానికి పోవును. అతడు చేసిన విందు దాసోహమగునా?

బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని కొలువులో భాండారియైనవాడు. భాండారమును జంగములకు వెచ్చించెనని కొందరు రాజుతో చెప్పగా, లెక్కించి చూచినపుడు ధనము తరుగలేదని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పును. మహిమను అటుంచినను అందు ఒక ధర్మము కలదు: దాసోహము చేయువాడు లెక్క చూపగలవాడై యుండవలెను. కాయకమున సంపాదించినదే దాసోహమునకు అర్హము. ఇంకను చేయని కాయకమును తాకట్టు పెట్టి ఇచ్చినది దానముగ తోచును గాని, దాని భారమును మోయువారు అడుగబడని ఆలుబిడ్డలు.

ఈ ధర్మమును ఆయ్దక్కి లక్కమ్మ కంటె స్పష్టముగ చూపినవారు అరుదు. ఆమె భర్త మారయ్య కాయకము నేలరాలిన బియ్యపుగింజలను ఏరితెచ్చుట. ఒకనాడు అతడు నిత్యము కంటె ఎక్కువ తెచ్చెను. ఇంట దారిద్ర్యమే యున్నను ఆమె సంతసింపలేదు. నేటికి వలసినంతయే చాలును, మిగిలినది తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. దొరకుచున్నది గదా యని పుచ్చుకొనుట తగదని ఆమెకు తెలియును. ‘నీకు రెండు లక్షల పరిమితి మంజూరైనది’ అని సందేశము వచ్చినపుడు పొంగిపోవు గృహస్థు లక్కమ్మను తలంచుకొనవలెను. పరిమితి బ్యాంకు ఇచ్చునది. ‘చాలును’ అను మాట మాత్రము తనకు తానే చెప్పుకొనవలసినది.

దీనికొక ఆక్షేపణ కలదు. అప్పు లేక లోకము నడచునా? రైతు విత్తనములకు, సిరిసిల్ల నేతకార్మికుడు నూలునకు, తండ్రి పిల్లవాని వైద్యమునకు అప్పు చేయక తప్పదు గదా? ఈ మాట సత్యము. కాయకమును నిలుపు అప్పు వేరు, కోరికను పెంచు అప్పు వేరు. ఆపదలో చేసిన అప్పును నిందించుట దయలేనితనము. అయితే ఆపదకు సైతము కార్డు చివరి మెట్టు కావలెను. సహకార సంఘమునను, బంగారముపై బ్యాంకునను అంతకంటె ఎంతో తక్కువ వడ్డీకి ధనము దొరకును.

నేరమంతయు అప్పు తీసికొనువానిదే యనుటయు న్యాయము కాదు. ఈ నేల దానికి సాక్షి. ధాన్యమప్పునకు ధాన్యమే మిత్తిగా కొలిపించుకొను ‘నాగు’ పద్ధతిని ఇచటి పల్లెలు ఎరుగును. 1940లో కుమ్రం భీం అమరుడైన పిమ్మట ఆదిలాబాదు గోండుల స్థితిని పరిశీలించిన హైమన్‌డార్ఫ్, వారు వడ్డీవ్యాపారుల చేత చిక్కి భూములు కోల్పోవుటను వర్ణించెను. 2010లో సూక్ష్మఋణ సంస్థల వసూళ్ల ఒత్తిడిపై ఆందోళన చెలరేగగా, ఆ అక్టోబరున నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, వడ్డీ అసలును మించరాదని విధించెను. మనుస్మృతియు వడ్డీతో కూడిన మొత్తము అసలునకు రెట్టింపు దాటరాదనియే చెప్పినది. నెలకు మూడున్నర వంతున బారువడ్డీయే లెక్కించినను, ఇరువదితొమ్మిదవ నెలలో వడ్డీ అసలును దాటును. కార్డు బాకీకి ముప్పది శాతమును గరిష్ఠ వడ్డీగా 2008లో జాతీయ వినియోగదారుల కమిషను నిర్ణయింపగా, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. అడుగని కార్డును అంటగట్టరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించినది. అడుగకయే ఇచ్చుట తప్పని ప్రభుత్వసంస్థయే ఒప్పుకొనినపుడు, అడిగి తెచ్చుకొనువాడు రెండింతలు జాగరూకుడు కావలదా?

కార్డును త్యజించినవాడే సజ్జనుడనుట కాదు. కత్తితో కూర తరుగుకొనవచ్చును. బ్యాంకు ఖాతాలో ఇప్పటికే యున్న ధనమునకు మించి కార్డుపై వ్రాయింపకుండుట, గడువునాటికి మొత్తము చెల్లించుట, కార్డుతో నగదు తీయకుండుట, ప్రతినెల బిల్లును ఇంటిలో భార్యాభర్తలు కలిసి చదువుట – ఈ నాలుగు నియమములు చాలును. నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. దాచిన అప్పే పెరుగును. మారయ్య తెచ్చిన బియ్యమును లక్కమ్మ చూచినది గనుకనే ఎక్కువైనదని తెలిసినది.

గృహప్రవేశమునాడు నలుబదివేలకు బదులు తన చేతనున్న నాలుగువేలతో అంబలి పోసినను, ఆ గృహస్థు మరునాటి ఉదయము ఎవరికిని బాకీలేక తన పనికి పోయియుండును. అట్టి వాకిట దొరకిన పిడికెడు మెతుకులే అతిథికి తృప్తి, ఇంటివారికి నిద్ర.