49 అడుగుల మాట



అపాయము వచ్చుచున్నదని హెచ్చరించువాడు తనకు తెలిసినది చెప్పిన చాలునా, తనకు తెలియనిది ఎంతయో అదియు చెప్పవలెనా? ఈ ప్రశ్న చాల దినములుగా మా మనస్సున మెదలుచున్నది.

అమెరికా దేశమున ఉత్తర డకోటాలో రెడ్ నది యొడ్డున గ్రాండ్ ఫోర్క్స్ అను పట్టణము కలదు. ఆ నది ఉత్తరమునకు, కెనడా వైపు పారును. చలికాలము ముగియువేళ ఎగువనున్న దక్షిణ భాగమున మంచు ముందుగా కరుగును. దిగువన నది ఇంకను గడ్డకట్టియే యుండును. వచ్చిన నీటికి దారి యుండదు. నేలయు పూర్వకాలపు పెద్ద సరస్సు అడుగు గనుక బల్లవలె చదునైనది. 1996-97 చలికాలమున ఎనిమిది మంచు తుఫానులు వచ్చి, అక్కడ సుమారు ఎనిమిది అడుగుల మంచు కురిసెను. పది అంగుళముల మంచు కరిగిన ఒక అంగుళము నీరగునందురు. ఏప్రిల్ మొదట వర్షముగా ఆరంభమై మంచుగా మారిన కడపటి తుఫాను కరెంటు తీగెలను తెంపివేయగా, ఇండ్లలో దీపము లేక, వెచ్చదనము లేక, జనులు గట్లకు ఇసుక బస్తాలు మోసిరి.

నది సుమారు 49 అడుగులకు వచ్చునని వాతావరణ శాఖవారు ఫిబ్రవరి నుండియే చెప్పుచుండిరి. ప్రజలు ఆ మాట నమ్మి, మూడడుగులు అదనముగా చూచుకొని గట్లు లేపిరి. నది 54 అడుగులు దాటెను. ఏప్రిల్ 18న గట్లు తెగెను. మరునాడు, నీట మునిగిన పట్టణపు నడిబొడ్డుననే నిప్పు పుట్టి 11 భవనములు కాలిపోయెను. సుమారు 50 వేలమంది ఇండ్లు విడిచిరి.

శాఖవారు అబద్ధమాడలేదు. అయితే అంచనా కొన్ని అడుగులు తప్పవచ్చునని వారికి తెలియును, జనులకు తెలియదు. అనుమానము బయటపెట్టిన నమ్మకము సడలునని వారు భయపడిరని తరువాత వ్రాసినవారు కలరు. ఆ భయము మాకు తెలియనిది కాదు. కొన్నేండ్ల క్రిందట ఒక జబ్బుమనిషి పడకయొద్ద, "వారములో లేచి తిరుగుదువు" అని మేము ధైర్యము చెప్పితిమి. ఇంటివారు నమ్మి, దూరముననున్న కుమారునికి కబురు పంపలేదు. అతడు సమాధి అయిన తరువాత వచ్చెను. "మీకు తెలియదని చెప్పియుంటే వచ్చేవాణ్ణి గదా, అయ్యగారూ" అనెను. కోపముగా ననలేదు, అదియే మాకు బరువైనది.

అనుమానము చెప్పిన జనులు సోమరులగుదురని కొందరందురు. చీకటిలో బస్తాలు మోసినవారు సోమరులా? నది ఇంకను పెరుగవచ్చునని వినియుంటే కొందరైనను సామాను పైకి చేర్చుకొనియుందురు. మన భద్రాచలమునందు గోదావరికి 43, 48, 53 అడుగులని మూడు హెచ్చరికలు గలవు. 1986 ఆగస్టులో ఆ నది 75 అడుగులు దాటినది! యెహెజ్కేలు గ్రంథములోని కావలివాడు ఖడ్గము వచ్చుట చూచి బూర ఊదవలెను. ఖడ్గములెన్నో లెక్క చెప్పుమని ఎవరును అతని నడుగలేదు.

గ్రాండ్ ఫోర్క్స్ వరద తరువాత ఆ శాఖవారు ఒక్క అంకె చెప్పి ఊరకుండక, నది ఏ మట్టము వరకు వచ్చుట కెంత అవకాశమున్నదో కూడ తెలుపసాగిరి. మేమును పడకయొద్ద ప్రార్థన చేసి, "ఏమగునో మాకు తెలియదు, పిల్లలకు కబురు చేయుడి" అనుచున్నాము. ఇంటివారి ముఖములు చిన్నబోవును. కొంతసేపటికి ఎవరో ఒకరు ఫోను తీసికొని బయటికి పోవుదురు.