దోషం పుట్టినదెప్పుడు?

నడుస్తున్న వెబ్ సర్వర్‌కు కాన్ఫిగరేషన్ రెండు చోట్ల ఉంటుంది. డిస్క్ మీద ఫైళ్ల రూపంలో ఉన్నది ఒకటి. దాన్ని తెరిచి చదవవచ్చు, దిద్దవచ్చు. సర్వర్ మొదలైనప్పుడు ఆ ఫైళ్లను చదివి మెమరీలోకి తెచ్చుకున్నది రెండోది. పేజీ కావాలని వచ్చినవాళ్లందరికీ జవాబు చెప్పేది ఈ రెండోదే. 1995లో వచ్చిన అపాచీకైనా, ఐగర్ సిసోయెవ్ రాసి 2004లో విడుదల చేసిన ఇంజిన్‌ఎక్స్‌కైనా ప్రధాన కాన్ఫిగరేషన్ విషయంలో పద్ధతి ఇదే. డిస్క్ మీద ఫైలు మార్చినంత మాత్రాన మెమరీలోది మారదు. రీలోడ్ చేస్తే ఇంజిన్‌ఎక్స్‌లోని మాస్టర్ ప్రాసెస్ కొత్త ఫైళ్లను చదివి చూస్తుంది. తప్పు కనిపిస్తే వాటిని పక్కన పెట్టి పాతదానితోనే పని సాగిస్తుంది. రీస్టార్ట్ అలా కాదు. పాత ప్రాసెస్ ముందు ఆగిపోతుంది, మెమరీలోని కాన్ఫిగరేషన్ దానితోపాటే పోతుంది. కొత్త ప్రాసెస్ లేవాలంటే డిస్క్ మీద ఉన్నదే దిక్కు.

ఒక సర్వర్ నెలల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోందనుకుందాం. మధ్యలో ఎవరో ఒక సైటు ఫైలులో చిన్న సవరణ చేసి, ఒక పంక్తి చివర సెమికోలన్ పెట్టడం మరిచారు. రీలోడ్ చేయలేదు. వారాలు గడిచాయి. కెర్నల్ అప్‌డేట్ కోసం ఒక రాత్రి మరొకరు మెషీన్‌ను రీబూట్ చేశారు. తెల్లారేసరికి సైటు లేదు. రీస్టార్ట్ చేశాకే చెడిపోయిందన్న మాట అందరి నోటా వస్తుంది. రీస్టార్ట్ చేసినవారే దోషిగా నిలబడతారు. ఇంతకీ ఆ దోషం పుట్టినది సవరణ నాడా, రీబూట్ నాడా? యంత్రం కొత్తదే కానీ ప్రశ్న పాతది. కార్యం కారణంలో ముందే ఉంటుందా, లేక ఆ క్షణాన కొత్తగా పుడుతుందా అని భారతీయ దర్శనాలు శతాబ్దాల పాటు వాదించుకున్నది దీని గురించే.

సాంఖ్యులు సత్కార్యవాదులు. లేనిది ఎన్నటికీ పుట్టదని, కార్యం కారణంలో అవ్యక్తంగా ఉండి తర్వాత వ్యక్తమవుతుందని వారి మతం. నువ్వుల్లో నూనె ముందే ఉంది, గానుగ దాన్ని బయటికి తెస్తుంది. సర్వర్ల మధ్య పనిచేసేవారికి ఈ మాట వెంటనే నచ్చుతుంది. సైటు సవరణ నాడే చెడిపోయింది, రీబూట్ ఆ సంగతిని బయటపెట్టింది, అంతే అని వారు రోజూ అనేది సాంఖ్యుల మాటే. అయితే అందులో ఒక చిక్కు ఉంది. రీబూట్‌కు ముందు నిమిషం వరకూ పాఠకులకు పేజీలు అందుతూనే ఉన్నాయి. సైటు అప్పటికే చెడిపోయి ఉంటే, ఆ పేజీలు ఇచ్చింది ఏది?

న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికుల సమాధానం మరింత పదునైనది. పుట్టకముందు కార్యం లేదు. అప్పుడు ఉన్నది దాని ప్రాగభావమే, అంటే పుట్టుకకు ముందుండే లేమి. ఈ దృష్టితో చూస్తే కలిసిపోయిన రెండు విషయాలు విడిపోతాయి. ఫైలులోని దోషం సవరణ నాడు పుట్టింది. సేవ ఆగిపోవడం రీబూట్ నాడు పుట్టింది. మొదటిది రెండోదానికి కారణాల్లో ఒకటి; రెండూ ఒకటే కాదు. సాంఖ్యుల మాటలో ఓదార్పు ఉన్నా, దోషాన్నీ వైఫల్యాన్నీ ఒకే పేరుతో పిలిస్తే వెతుకులాట దారి తప్పుతుంది. న్యాయదర్శనం పట్టుబట్టే ఈ విభజన వట్టి మాటల పట్టింపు కాదు.

మరి ఆ వారాల పాటు కారణం ఉండి కూడా కార్యం ఎందుకు పుట్టలేదు? దీనికీ నైయాయికుల దగ్గర సిద్ధంగా ఒక ఉదాహరణ ఉంది. నిప్పు కాలుస్తుంది. దాని దగ్గర ఒక విశేషమైన మణి ఉంచితే కాల్చదు, మణి తీసేస్తే మళ్లీ కాలుస్తుంది. నిప్పులో శక్తి అనే వేరే పదార్థం ఉందని, మణి ఆ శక్తిని నశింపజేస్తుందని మీమాంసకులు చెప్పారు. నైయాయికుడైన ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో దీన్ని ఒప్పుకోలేదు. శక్తి అక్కరలేదు, ప్రతిబంధకం లేకపోవడం కూడా కారణాల్లో ఒకటని లెక్కిస్తే చాలన్నాడు. మన సర్వర్‌లో ఆ మణి మెమరీలోని పాత కాన్ఫిగరేషన్. అది ఉన్నంతకాలం డిస్క్ మీది తప్పుకు పని లేదు. రీబూట్ ఆ ప్రతిబంధకాన్ని తొలగించింది. తప్పును తయారు చేయలేదు.

అలాగని రీబూట్‌ను కారణాల జాబితా నుంచి పూర్తిగా కొట్టేయడమూ సరికాదు. కార్యానికి తప్పకుండా ముందుండేదే కారణమని న్యాయశాస్త్రం చెబుతుంది. తర్కం నేర్చుకోబోయే విద్యార్థి చేతికి నేటికీ మొదట అందే తర్కసంగ్రహంలో, 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు చెప్పినదీ ఇదే. కానీ ముందున్నవన్నీ కారణాలు కావు. కుమ్మరి కుండ చేసేముందు మట్టి మోసుకొచ్చిన గాడిద ఉంది, కుమ్మరి తండ్రి ఉన్నాడు, చక్రం తిప్పే కర్రకు ఒక రంగు ఉంది. ఇవన్నీ అన్యథాసిద్ధాలు, అంటే కుండ పుట్టుకతో నిమిత్తం లేకుండా అక్కడ ఉన్నవి. అదే రాత్రి మెషీన్‌కు కొత్త కెర్నల్ వచ్చింది, బ్యాకప్ నడిచింది, ఎవరో పాస్‌వర్డ్ మార్చారు. వైఫల్యానికి ముందున్నాయి కాబట్టి వీటిలో ఏదో ఒకదాన్ని పట్టుకోవాలనిపిస్తుంది. సెమికోలన్ లేని ఆ ఫైలు విషయంలో ఇవన్నీ గాడిదలే. రీబూట్ మాత్రం గాడిద కాదు. అది లేకపోతే ఆ రాత్రి సైటు ఆగేది కాదు.

రీస్టార్ట్ చేస్తే చెడిపోతుందన్న సూత్రం మాత్రం నిలవదు. రీస్టార్ట్ చేసినా చెక్కుచెదరని సర్వర్లే ఎక్కువ. తార్కికుల భాషలో ఇది ఉపాధి ఉన్న వ్యాప్తి, అంటే వేరే షరతు ఒకటి తోడైతేనే నిలిచే నియమం. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనలేం. తడి కట్టె కూడా ఉంటేనే పొగ. ఇక్కడ తడి కట్టె లాంటిది డిస్క్‌కూ మెమరీకీ మధ్య పేరుకున్న తేడా. ఆ తేడా లేనిచోట వంద రీస్టార్ట్‌లైనా ఏమీ చేయలేవు. అయినా ఆ తప్పుడు సూత్రాన్ని నమ్మి, నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దని కూర్చునేవారు తడి కట్టెలను పోగు చేసుకుంటూ పోతారు. తేడా పెరిగేకొద్దీ ఏదో ఒక రోజు తప్పనిసరిగా వచ్చే రీబూట్ మరింత ప్రమాదకరమవుతుంది.

ఇక కారణాన్ని తెలుసుకోవడం ఎలా? మొదటి ఆధారం లాగ్. దాన్ని శబ్దప్రమాణం అనవచ్చు: చూసినది చూసినట్టు చెప్పే ఆప్తుడి మాట. ఆప్తుడైనా తాను చూసినంతవరకే ప్రమాణం. సైటు ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో చెప్పే రూట్ ఆదేశం 12వ పంక్తిలో ఉండి, దాని చివర సెమికోలన్ లేదనుకుందాం. 13వ పంక్తిలో ఇండెక్స్ ఆదేశం సెమికోలన్‌తో సరిగ్గానే ముగిసింది. ఇంజిన్‌ఎక్స్ ఈ రెండు పంక్తులనూ కలిపి ఒకే ఆదేశంగా చదువుతుంది. రూట్‌కు ఇవ్వవలసినన్ని విలువలు కాక వేరే సంఖ్యలో ఇచ్చారని ఫిర్యాదు చేసి, 13వ పంక్తిని చూపిస్తుంది. 13వ పంక్తిలో ఏ తప్పూ లేదు. అది తప్పు పట్టుబడిన చోటు, పుట్టిన చోటు కాదు. కొత్తగా పనిలో చేరినవారు ఆ మంచి పంక్తినే అటూ ఇటూ మారుస్తూ గంటలు పోగొట్టుకుంటారు. వైఫల్యం బయటపడిన సమయాన్ని పట్టుకుని రీబూట్‌ను నిందించడమూ సరిగ్గా ఇదే పొరపాటు. ఒకటి స్థలంలో జరుగుతుంది, మరొకటి కాలంలో.

సైటు పేరు చెప్పే సర్వర్ నేమ్ ఆదేశం చివర సెమికోలన్ మరిచిపోతే పరిస్థితి ఇంకా సూక్ష్మం. ఆ ఆదేశం ఎన్ని పేర్లనైనా తీసుకుంటుంది. కాబట్టి తర్వాతి పంక్తిలోని రూట్ అన్న మాటనూ, ఫోల్డర్ దారినీ కూడా సైటు పేర్లుగానే స్వీకరిస్తుంది. పేరులో అనుమానాస్పదమైన గుర్తులు ఉన్నాయని ఒక హెచ్చరిక మాత్రం ఇచ్చి, వ్యాకరణం సరిగ్గా ఉందని పరీక్షలో పాస్ చేస్తుంది. సర్వర్ లేస్తుంది. వేరే ఫోల్డర్ నుంచి పేజీలు వెతుకుతుంది, దొరకలేదని చెబుతుంది. పరీక్ష నెగ్గడం వ్యాకరణశుద్ధికి మాత్రమే సాక్ష్యం. రాసినవారి ఉద్దేశం ఏమిటో యంత్రానికి తెలియదు.

రెండో సాధనం అన్వయవ్యతిరేకాలు: అది ఉంటే ఇది ఉంది, అది లేకపోతే ఇది లేదు. ఒకసారి ఒక్క మార్పే చేసి చూడాలి. రాత్రివేళ ఒత్తిడిలో ఎవరూ అలా చేయరు. ఫైలు దిద్దుతారు, అనుమతులు మారుస్తారు, పాత ప్రాసెస్‌ను చంపుతారు, ఫైర్‌వాల్ ఆపుతారు, మళ్లీ స్టార్ట్ చేస్తారు, సైటు లేస్తుంది. ఫలానా దానివల్ల చెడిపోయిందని నివేదికలో రాస్తారు. ఆ మాట నిజమే కావచ్చు. 12వ శతాబ్దపు శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో ఇటువంటి నిజం మీదే గట్టి ప్రశ్న లేవదీశాడు. ఒకరు గుప్పిట్లో గవ్వలు మూసి ఎన్ని ఉన్నాయో చెప్పమన్నారు. మరొకరు ఊరికే అయిదు అన్నారు. నిజంగానే అయిదు ఉన్నాయి. అది యథార్థమే, కానీ దాన్ని ప్రమ, అంటే సరైన జ్ఞానం, అనగలమా? సర్వర్ విషయంలో ఈ తేడాకు వెల ఉంటుంది. గవ్వలు గుడ్డిగా లెక్కపెట్టినవారు ఆపిన ఫైర్‌వాల్‌ను ఆపినట్టే వదిలేస్తారు, అది వచ్చే నెల కథకు కారణమవుతుంది. సైటు లేచాక కూడా, చేసిన మార్పులను ఒక్కొక్కటిగా వెనక్కి తీసి చూసినప్పుడే కారణం తెలిసినట్టు.

ఇంతవరకూ చెప్పినది మెమరీలో మంచి, డిస్క్ మీద చెడు ఉన్న సందర్భం. దీనికి వేరుగా, మంచి మెమరీలో మాత్రమే ఉండే సందర్భమూ ఉంది. 443 పోర్ట్ తెరవడానికి ఫైర్‌వాల్‌లో ఒక నియమం చేర్చారు, భద్రపరచలేదు. లేదా సెక్యూరిటీ వ్యవస్థను ఆ పూటకు సడలించారు. రీబూట్‌తో రెండూ పోతాయి. ఇక్కడ రీబూట్ ప్రతిబంధకాన్ని తొలగించలేదు, ఉన్న ఒక మంచినే నాశనం చేసింది. తార్కికులు దీన్ని ప్రధ్వంసాభావం అంటారు. ఫైళ్లలో ఎంత వెతికినా తప్పు దొరకదు. ఉండవలసినది లేకపోవడమే తప్పు. లేనిదాన్ని చూడటం ఉన్నదాన్ని చూడటం కన్నా కష్టం, కాబట్టి ఈ రకం ఎక్కువ సమయం తీసుకుంటుంది.

అసలు ఏ ఒక్కదాన్నీ కారణమని చూపలేని సందర్భం మూడోది. కాన్ఫిగరేషన్ నిర్దోషం, ఎవరూ ఏమీ మార్చలేదు. ఫైలులో ఒక వెనుక సర్వర్ పేరు ఉంది. ఇంజిన్‌ఎక్స్ మొదలయ్యేటప్పుడు ఆ పేరుకు ఐపీ చిరునామా వెతుకుతుంది. మెషీన్ లేస్తున్న ఆ కొద్ది క్షణాల్లో నెట్‌వర్క్ ఇంకా సిద్ధం కాలేదు. పేరు దొరకలేదని లాగ్‌లో రాసి ఇంజిన్‌ఎక్స్ ఆగిపోతుంది. కాసేపటికి అడ్మిన్ లాగిన్ అయి చేత్తో స్టార్ట్ చేస్తే మారు మాట్లాడకుండా నడుస్తుంది. ఫైలు తప్పు కాదు, నెట్‌వర్క్ తప్పు కాదు, రీబూట్ తప్పు కాదు, వరుస కుదరలేదు. కార్యం పుట్టడానికి కారణాలన్నీ ఒకచోట కూడాలని, ఆ మొత్తాన్ని సామగ్రి అంటారని నైయాయికులు చెప్పారు. 1843లో వచ్చిన తన తర్కగ్రంథంలో జాన్ స్టువర్ట్ మిల్ కూడా దాదాపు ఇదే చెప్పాడు: కారణమంటే పరిస్థితుల మొత్తం, అందులో ఒకదాన్ని ఏరి దానికే కారణమన్న పేరు పెట్టడం మన సౌకర్యం కోసమే. నిజానికి మొదటి రెండు సందర్భాల్లోనూ సామగ్రే పనిచేసింది. అక్కడ ఒక అంశం కొట్టొచ్చినట్టు కనిపించింది, ఇక్కడ కనిపించదు.

కారణం సామగ్రి అయితే బాధ్యత ఎవరిది? భగవద్గీత 18వ అధ్యాయం ప్రతి కర్మకూ అధిష్ఠానం, కర్త, సాధనాలు, రకరకాల చేష్టలు, దైవం అని అయిదు హేతువులు చెప్పి, తానొక్కడే కర్తననుకునేవాడు సరిగ్గా చూడలేదంటుంది. ఆ మాట నిందకూ వర్తిస్తుంది: రీబూట్ చేసిన ఒక్కరే కర్త అనుకోవడం కూడా సరిగ్గా చూడకపోవడమే. కానీ కారణాలు అయిదని చెప్పినంత మాత్రాన ఎవరికీ బాధ్యత లేదని అర్థం కాదు. కర్త ఆ అయిదింటిలో ఒకరుగా ఉన్నారు. సవరణ చేసినవారు ఆ పూటే పరీక్షించి రీలోడ్ చేసి ఉంటే తప్పు వారి కళ్ల ముందే బయటపడేది, పాత కాన్ఫిగరేషన్‌తో సైటూ నడుస్తూ ఉండేది. తప్పును పుట్టిన పూటే పట్టుకునే అవకాశం వారికి మాత్రమే ఉంది. రీబూట్ చేసినవారికి ఫైలులో ఏం మారిందో తెలియదు. ముందుగా కాన్ఫిగరేషన్ పరీక్షించడం, పగటిపూట అందరూ అందుబాటులో ఉండగా రీబూట్ చేయడం, సేవలన్నీ లేచాయో లేదో చూసి వెళ్లడం వారి వంతు. మెషీన్ లేచేటప్పుడు నెట్‌వర్క్ సిద్ధమయ్యాకే వెబ్ సర్వర్ మొదలయ్యేలా వరుస రాయడం వ్యవస్థను కట్టినవారి వంతు. ఎవరి చేతిలో ఏ హేతువు ఉందో, ఆ మేరకే వారి జవాబుదారీ. రాత్రి చివరి ఆదేశం ఎవరి పేరున నమోదైందన్నది దాన్ని తేల్చదు.