దూరమునుండి చేయు సేవ

తల్లిదండ్రులను సేవింపవలెనని చెప్పని ధర్మశాస్త్రము లేదు. కాని యా శాస్త్రములు కుమారుడు తల్లి యున్న యింటనే యుండునని తలంచి వ్రాయబడినవి. వేళకు అన్నము పెట్టుట, పాదము లొత్తుట, మంచముచెంత కూర్చుండుట, ఇవన్నియు చేతికందు దూరమున నున్నవాని ధర్మములు. తల్లి డోంగ్లిలోను, కొడుకు హైదరాబాదులోను ఉన్నప్పుడు సేవ యనగా నేమి? ఈ ప్రశ్న నాకు గ్రంథములయందు గాక మా తల్లి మందుసీసాయందు ఎదురైనది.

డోంగ్లి కామారెడ్డి జిల్లాలో బాన్సువాడ రెవెన్యూ డివిజనుకు చేరిన యూరు. మద్నూరు మండలమునుండి విడివడి 2022లో తానే యొక మండలమైనది. మహారాష్ట్రము, కర్ణాటకము రెండును చేరువ యగుటచే మావారికి మూడు భాషలును చెవిన పడుచుండును. పొలముల సోయా, పత్తి పండును. చదువుకొన్న పిల్లలు వెడలిపోవుదురు. నేనును అట్లు వెడలినవాడనే. ఇంట నా తమ్ముడును, అతని భార్యయు అమ్మతో నున్నారు.

నాలుగేండ్ల క్రిందట అమ్మకు మెడయందలి అవటు గ్రంథి, అనగా థైరాయిడు, మందగించినదని వైద్యులు చెప్పిరి. అంతకు ముందొక యేడాదిగా ఆమె పగలెల్ల కునికిపాట్లు పడుచుండెను, ఎండకాలమునను దుప్పటి కప్పుకొనెడిది, మలబద్ధము, మతిమరుపు. మేమందరము వయసు మీరినదనుకొంటిమి. ఈ వ్యాధి వార్ధక్యపు వేషమునే వేసికొని వచ్చును. ముసలివారి బాధ కంతటికి ముసలితనమే కారణమని సరిపెట్టుకొనుట మనకు సులభము. పరీక్షకు గొనిపోవుటకంటె ఖర్చు తక్కువ.

దీనికి మందు కొత్తది కాదు. ఇంగ్లండులోని న్యూకాసిలు నగరమున 1891లో జార్జి మర్రే యను వైద్యుడు గొఱ్ఱె గ్రంథిరసము నొక రోగిణికి సూదిమూలమున నెక్కించెను. ఆమె మఱి యిరువదియెనిమిది సంవత్సరములు బ్రతికెను. నేడు ఆ గ్రంథి చేయవలసిన థైరాక్సినును చిన్న గోలిగా దినమున కొకటి మ్రింగిన చాలును. మన శ్రీకాకుళమున బుట్టిన వులిమిరి రామలింగస్వామిగారు కాంగ్డా లోయలో 1956లో ఆరంభించిన పరిశోధనవలన అయొడిను కలిపిన యుప్పు గళగండమును నివారించునని తేలినది. ఉప్పుతో నొక సుఖము కలదు: ఎవరిని ఎవరును అడుగనక్కఱలేకయే అది కూరతోపాటు కడుపులోనికి బోవును. గోలి యట్టిది కాదు. పరగడుపున మ్రింగవలెను; అరగంట, వీలైన గంట, చాయయు త్రాగరాదు; ఎముకలకై యిచ్చు కాల్షియము గోలికిని దీనికిని నాలుగు గంటల యెడ ముండవలెను. ప్రతి యుదయమును ఒక మనిషి తలచుకొనవలెను. ఆ తలచుకొనుటయే నా వంతని నేను నిశ్చయించుకొంటిని.

ప్రతిదినము ఏడు గంటలకు ఫోను చేసెడివాడను. “గోలీ ఏసుకున్నవా అమ్మా?” “ఏసుకున్న బిడ్డా.” నాలుగేండ్లు ఇదే ప్రశ్న, ఇదే జవాబు. పరీక్షాఫలములు నా ఫోనునకే వచ్చెడివి. టీఎస్‌హెచ్ పదునాలుగు, ఏబది మైక్రోగ్రాముల మోతాదు డెబ్బదియైదైనది. తరువాత పదునొకండు; మోతాదు నూరైనది. ఆ యంకెలను పట్టికగా వ్రాసికొని, మంచి కొడుకునని నాలో నేను కొంత గర్వపడితి ననుటకు సిగ్గగుచున్నది.

పోయిన సంక్రాంతికి అమ్మ మా యింటికి వచ్చి రెండు మాసము లుండెను. గోలి నా చేతితోనే యిచ్చితిని. ఆరు వారములు తిరుగకమునుపే ఆమెకు గుండెదడ, చేతుల వణకు, నిద్రలేమి పుట్టినవి. పరీక్షింపగా టీఎస్‌హెచ్ అట్టడుగున నున్నది. మందు మిక్కుటమైనదన్న మాట. వృద్ధులయందు ఈ మిక్కుటము గుండెలయ తప్పించును, ఎముకలను గుల్లచేయును. వైద్యుడు నన్ను విడిచి అమ్మ మొగము చూచి, “ఊళ్ళో వారానికి ఎన్ని తప్పేవమ్మా?” అని మెల్లగా నడిగెను. అమ్మ తలవంచుకొని, “రెండు మూడు తప్పేటియి సారూ” అనెను. వేకువ అయిదింటికే చాయ త్రాగు అలవాటు. త్రాగినపిదప గోలి జ్ఞప్తికి వచ్చిన, తప్పు జరిగెనని మానివేయును. మోకాళ్ళకు వేఱొకరిచ్చిన కాల్షియమును దీనితోనే మ్రింగిన దినములును గలవట.

ఇంటికి వచ్చి, “నాతో ఎందుకు చెప్పలేదమ్మా?” అంటిని. “లేదంటె నీకు పరేషాన్ అయితది గద బిడ్డా. గంత దూరం నుంచి నువ్వేం చేస్తవు?”

ఇందు దోష మెవరిది? వైద్యునిది కాదు, తనకు జెప్పిన మాటనుబట్టి మోతాదు పెంచెను. రక్తపరీక్షయు అబద్ధ మాడలేదు. కాని టీఎస్‌హెచ్ కొన్ని వారముల మొత్తమును జెప్పునే గాని, గోలి చాలలేదో గోలియే పడలేదో విడదీసి చెప్పదు. అమ్మ యాడినది అసత్యమే. అయినను ఆ యసత్యమును నేర్పినవాడను నేనని నా తీర్పు. నేనడిగినది ప్రశ్న కాదు. దానికి ఒక్క జవాబే చెల్లును. మొదటి యేట ఒకమారు ఆమె “ఇయ్యాల మర్చిన” అనగా నేనెంత కోపగించితినో నాకు జ్ఞప్తి యున్నది. పిమ్మట ఆమె మఱచినట్లు చెప్పనేలేదు. ఉదయమున నా మనస్సు నెమ్మదిపడుటకు నేను వేసికొను గోలి యా ఫోను. ఆమె మందు తప్పినను నా మందు ఒక్కనాడును తప్పలేదు.

ఇంట కెమెరా పెట్టించుమని యొక మిత్రుడు సలహా చెప్పెను. పంటచేనికి కావలి పెట్టవచ్చును, తల్లికి పెట్టవచ్చునా? చిన్ననాట నాకు కషాయము పట్టి త్రాగించినది ఆమెయే. కాని నేనప్పుడు శిశువును. ఆమె నేడు శిశువు కాదు. తన దేహమునకు తానే యజమానురాలు. మందు మానుకొను స్వాతంత్ర్యమును ఆమెకున్నది; మానిన నేమగునో తెలిసి మానవలెను, అంతే. ఆ తెలియజేయుట నేను చేయలేదు. “వైద్యులు వేసుకొమ్మన్నరు” అను నొక్క మాటతో నాలుగేండ్లు గడిపితిని.

ఇంకొక సంగతి నన్ను మఱింత బాధించినది. గోలులు తప్పుచున్నట్లు మా మరదలికి మొదటినుండియు తెలియును. సీసా తుడిచి పెట్టునది, కాల్షియము గోలులు తెచ్చియిచ్చునది, అమ్మను రక్తపరీక్షకు గొనిపోవునది ఆమెయే. “నువ్వైనా చెప్పకపోతివా?” యని యడుగగా, “నన్నెవరడిగిన్రు బావగారూ?” అనెను. నిజమే. నేనామెకు ఫోనులో పనులు చెప్పితినేగాని యొక్కమారైన అభిప్రాయ మడిగి యెఱుగను. సేవ యంతయు కోడలు చేయును. సేవ చేసితినను పేరు పట్టణపు కొడుకు గట్టించుకొనును. సంఘసంస్కరణమునుగూర్చి యుపన్యసించు మా యిండ్లలోను ఇదే వరుస. 2007లో వచ్చిన వృద్ధుల పోషణచట్టము బిడ్డలు పోషణకై సొమ్ము చెల్లింపవలెనని శాసింపగలదు. దగ్గఱనున్నదాని మాటకు విలువ కట్టుమని ఏ చట్టమును శాసింపలేదు.

ఇప్పుడు మోతాదు మరల ఏబదికి దిగినది. చాయ మానుమని అమ్మను పీడింపక, వైద్యునితో నాలోచించి, గోలిని రాత్రికి మార్చితిమి. ఏడింటికి భోజనమగును గనుక పదింటికి పండుకొనుముందు కడుపు తేలికగానే యుండును. కాల్షియము మధ్యాహ్నమునకు బోయినది. ఆమె వయస్సున టీఎస్‌హెచ్ యువతులకున్నంత తక్కువకు దించనక్కఱలేదని వైద్యుడు చెప్పగా, అంకెలమీది నా పట్టుదలయు సడలినది. పట్టిక యిప్పుడు మరదలివద్ద నున్నది. నేను ఆదివారమున మాత్రమే యడుగుదును, అదియు వేఱువిధముగా: “ఈ వారం ఎన్ని తప్పినయి అమ్మా?”

మొదటి మూడు వారములు “ఒక్కటి గూడ తప్పలే” అనెను. మరదలు వెనుకనుండి నవ్వినట్లు వినబడినది. మొన్నటి ఆదివారము అమ్మ కొంచెము తడబడి, “రెండు తప్పినయి బిడ్డా. పెండ్లికి పోయినం, సీస యాది మర్చిన” అనెను. కోపపు మాట యొకటి నాలుక చివఱదాక వచ్చినది. దానిని మ్రింగి, పెండ్లి ఎవరిదని అడిగితిని. అరగంటసేపు చెప్పెను.