గౌరవం సింహాసనానిదా, పనితనానిదా?

చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని తెప్పించుకోవాలనుకున్నారు. అది చేరకముందే 1911లో కన్నుమూశారు. వెనక సీటు సింహాసనంలా ఉంటుంది. జనం చూపంతా దాని మీదే. లేత్ మిషన్ మీద బతుకు వెళ్లదీసిన నా చూపు మాత్రం బానెట్ వైపే పోతుంది.

ఆ కారును రూపొందించిన హెన్రీ రాయిస్ చిన్నతనంలో తండ్రి పోతే పేపర్లు అమ్మాడు. తను కొన్న కారు పనితనం నచ్చక, 1904లో తానే కారు చేశాడు. ఆ ఏడాదే ఒక ప్రభువు కొడుకు చార్లెస్ రోల్స్ మాంచెస్టర్‌లో అతనితో చేయి కలిపాడు. 1907లో సిల్వర్ ఘోస్ట్ దాదాపు 15 వేల మైళ్ల పరీక్షకు తట్టుకుంది. రోల్స్ రాయిస్ కంపెనీకి పేరొచ్చింది అలాంటి పనితనంతోనే. 1971లో కంపెనీ దివాలా తీసినా పేరు చెక్కుచెదరలేదు.

దసరాకు మేం లేత్‌కు బొట్టు పెట్టి దండం పెడతాం. ఆ దండం ఇనుముకు కాదు, నిజాయితీగా చేసిన పనికి. గీత చెప్పిన నిష్కామకర్మ నాకు అర్థమైంది అక్కడే. ఏలినవారి వైభవం వారితోనే పోతుంది. ఎవరి కంటా పడని బోల్టునూ సరిగ్గా బిగించండి. అదే పూజ.