దూడ పాలు – మన ప్రసాదం

శాకాహారి ఎవరు అని అడిగితే మన ఇండ్లలో సమాధానానికి తడవు పట్టదు. మాంసం, చేప, గ్రుడ్డు ముట్టనివాడు శాకాహారి. పాలు, పెరుగు, నేయి ఈ నిషేధంలోనికి రావు. రాకపోగా సాత్త్వికాహారంలో వాటిదే అగ్రపీఠం. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు ఈ లెక్కను తిరగవ్రాశారు. పాలను, గ్రుడ్లను సైతం విడిచిన శాకాహారానికి ‘వీగన్’ అని క్రొత్త పేరు పెట్టారు. ఆ మాటకు తెలుగులో ఇంతవరకు స్థిరపడిన సమానపదం లేదు. పదం లేనంత మాత్రాన ప్రశ్న లేకుండా పోదు గదా! దూరదేశాలలో చదువుకొంటున్న మన పిల్లలు కొందరు సెలవులకు జగ్గయ్యపేటకో నందిగామకో వచ్చి, తల్లి వడ్డించబోయిన పెరుగును చేయి అడ్డుపెట్టి వద్దంటున్నారు. పెద్దలకు అది తిరస్కారంగా తోస్తున్నది. “జీవకారుణ్యం మాకు నీవు నేర్పవలెనా?” అని కోపం వస్తున్నది. ఆ కోపాన్ని కొంతసేపు ప్రక్కనబెట్టి విచారించవలసిన విషయం ఇందులో ఉన్నదని నా అభిప్రాయం.

తెలుగులో ‘పాడిపంటలు’ అని ఒక జంటపదం కలదు. ఆ రెండు మాటలను కలిపి కట్టినది సమాసం కాదు, ఎద్దు. ఎన్.టి.ఆర్. జిల్లా 2022లో ఏర్పడుటకు పూర్వం కృష్ణా జిల్లాలో భాగంగా ఉండిన ఈ మెట్టసీమ, మున్నేటి కిరువైపుల గల నల్లరేగడి నేల, ఎద్దుల మెడమీద నడచిన వ్యవసాయం. ఆవు ఈనితే పెయ్య అయినా సంతోషమే, కోడె అయినా సంతోషమే. పెయ్య పాడికి వచ్చేది, కోడె కాడికి వచ్చేది. రైతు దూడ పాలలో తన వంతు తీసికొన్నాడు గాని దూడకు బ్రతుకులో ఒక స్థానం ఇచ్చాడు. అందులో స్వార్థం లేదని అనను. కాని అది ఇచ్చిపుచ్చుకొనే స్వార్థం.

ట్రాక్టరు వచ్చినది. దానిని నిందించుట నా ఉద్దేశం కాదు. ఎద్దు మెడమీది కాడిపుండు చూచినవా రెవరూ ట్రాక్టరును నిందింపరు. కాని దానితో పాడి మిగిలినది, పంటలోనుండి ఎద్దు తొలగిపోయినది. మగదూడకు ఇంటిలో పని లేకుండా పోయినది. నేడు మన దొడ్లలో ఎక్కువగా కనిపించేవి ముర్రా జాతి గేదెలు. గేదెకు పుట్టిన మగదూడ గతి ఇంకా కనాకష్టం. చేపు రావడానికి పొదుగు దగ్గరకు విడుస్తారు, చేపిన వెంటనే లాగి గుంజకు కట్టివేస్తారు. అర్ధాకలితో ఎన్నాళ్ళు బ్రతికితే అన్నాళ్ళు. చనిపోతే దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టే పద్ధతి ఒకటి ఉండేది. అదీ కాకపోతే సూదిమందు ఉన్నది. ప్రతి ఇంటిలో ఇట్లే జరుగుతున్నదని చెప్పుట అన్యాయం. దూడకు ఒక చన్ను విడిచిపెట్టే ధర్మాత్ములు నేటికీ ఉన్నారు. అయినా పాత్రలోనికి పాలు ఏ దారిన వచ్చినవో అడుగకుండ త్రాగే మనవంటివారికి ఆ ధర్మాత్ముల పుణ్యం అంటదు.

జున్ను సంగతి ఇంకా విచారించదగినది. ఈనిన ఇంటివారు ఇరుగుపొరుగులకు జున్నుపాలు పంచిపెట్టుట మన ఊళ్ళలో గొప్ప మర్యాద. జున్ను నిరాకరించేవాడు దాదాపు లేడు. కాని ఆ పాలు ఎవరికొరకు వచ్చినవి? మనుష్య శిశువు తల్లి గర్భంలోనే కొంత రోగనిరోధకశక్తి పొంది పుడుతుంది. దూడకు ఆ అదృష్టం లేదు. గర్భంలో దానికి అది చేరదు. పుట్టిన కొద్ది గంటలలో త్రాగే ముఱ్ఱుపాలనుండియే రావలెను. ఒక దినం గడిస్తే దాని ప్రేగులకు ఆ శక్తిని గ్రహించే సామర్థ్యం ముగిసిపోతుంది. దూడ బరువులో పదవవంతు ముఱ్ఱుపాలు దానికి పట్టించవలెనని పశువైద్యులు చెప్పుతున్నారు. దూడ కడుపు నిండిన తరువాత మిగిలినది జున్ను అయితే అది వేరు మాట. నిండకముందే బెల్లం, మిరియాలు కలిపి ఆవిరిమీద ఉడికించితే, మనము తినుచున్నది ఒక పసిప్రాణం యొక్క రక్షణను.

ఇక్కడ ఎదురుప్రశ్న తప్పక వస్తుంది, రావలెను కూడా. పాల కేంద్రంలో వెన్నశాతం లెక్కగట్టి ఇచ్చే డబ్బుతో పిల్లవాని ఫీజు కట్టే తల్లులు మన గ్రామాలలో ఎందరో ఉన్నారు. రెండు గేదెలే ఆస్తిగా గల ఆమెను పిలిచి అహింసోపన్యాసం చేయుట క్రూరం. కాయకమే కైలాసమని నమ్మిన మార్గంలో, తెల్లవారుజామున లేచి పేడ తీసి గడ్డి కోసే ఆమె చెమటను తక్కువ చేసి మాటలాడరాదు. నేను ఆక్షేపించేది ఆమెను కాదు. శుభకార్యంలో ఏడు తీపి పదార్థాలు, ఏడింటా నేయి ధారలుగా కారవలెనని శాసించే గృహస్థుని. అవసరానికి పాలు పితుకుటకును ఆడంబరానికి పాలు ఒలకబోయుటకును భేదం కలదు. రాతి నాగుకు పాలు పోసేవారిని గురించి బసవేశ్వరుడు ఏమన్నాడో మన పాఠకులకు తెలిసినదే.

‘బసవ’ శబ్దము వృషభ శబ్దమునుండి వచ్చినది. నందీశ్వరుని అవతారంగా ఆయనను కొలిచే మనకు కోడెదూడ విషయంలో ఒకింత ఎక్కువ బాధ్యత ఉన్నదేమో! మరొకవైపు చూస్తే, మన నొసటి విభూతి గోమయం నుండి వచ్చినదే. జంతువునుండి వచ్చినదంతయు త్యాజ్యం అనే సిద్ధాంతాన్ని అక్షరాలా పాటించితే అష్టావరణాలలో ఒకటి జారిపోతుంది. కావున పరదేశంలో పుట్టిన నియమాన్ని ఉన్నదున్నట్లు తెచ్చుకొనుట మన పని కాదు. పేడ ఇచ్చిన ఆవుకు నష్టం లేదు, దూడకు ఆకలి లేదు. హింస ఎక్కడ ఉన్నదో అక్కడ విడుచుట వివేకం.

పాల నైవేద్యం శివునికి ప్రీతి అనువారు గొడగూచి కథ చెప్పుతారు. పాలు త్రాగుమని ఏడ్చిన ఆ పసిబాలకొరకు శివుడు పాలు త్రాగినాడు. నిజమే. కాని పాల్కురికి సోమనాథుని ఆ బసవపురాణంలోనే మాదర చెన్నయ్య కథ కూడ ఉన్నది. కరికాలచోళుడు నివేదించిన రాజభోజనాన్ని ముట్టని శివుడు చెన్నయ్య ఇంటి అంబలి త్రాగి తృప్తిపడినాడు. ఒకచోట పాలు, ఒకచోట అంబలి. శివుడు వంటకం చూడలేదని మాత్రమే దీనికి అర్థం. మన ప్రాంతానికి ఇది క్రొత్త ప్రశ్న కూడ కాదు. జగ్గయ్యపేట దాపున 1882లో బర్జెస్ త్రవ్వి తీసిన స్తూపం బౌద్ధులది. ప్రాణిహింస వలదని చెప్పిన బుద్ధుడు సైతం సుజాత పెట్టిన పాయసం ఆరగించినవాడే. అహింసావాదులకు పాలు చిరకాలంగా చిక్కుప్రశ్నయే.

ఇక వంటింటిలోనికి వెళ్ళుదము. పాలు లేక విందు లేదనుట మన వంటను మనమే ఎరుగకపోవుట. పులిహోరలో పాలు ఏవి? గారెలలో, గుగ్గిళ్ళలో, పూర్ణం బూరెలలో ఏవి? శనగపప్పు, బెల్లం పూర్ణం, పైన బియ్యం మినప్పప్పు తోపు, నూనెలో వేపు, అంతే. చెక్కలు కరకరలాడుటకు వెన్న కలుపుతారు. వెన్నకు బదులు కాగిన నూనె రెండు గరిటెలు పిండిలో పోసి కలిపితే అదే కరకర వస్తుంది. వేడి ముద్దపప్పులో నేయి లేనిదే ముద్ద దిగదని అంటారు గాని, నువ్వులనూనెకు మనవారు ‘మంచినూనె’ అని పేరు పెట్టుకొన్నది ఊరకనే కాదు. ఆవకాయ, ముద్దపప్పు, గానుగ నువ్వులనూనె – ఈ మూడు కలిసిన ముద్దకు నేయి లోటు తెలియదు. గోంగూర, కందిపొడి సంగతి చెప్పనక్కరలేదు.

తీపిలో చిమ్మిలికి సాటి లేదు. రెండు వంతుల నువ్వులు దోరగా వేపి, ఒక వంతు బెల్లంతో రోటిలో దంచితే నువ్వులలోని నూనె తానే ఉండ కట్టిస్తుంది. సున్నుండలకు నేయి లేకపోతే పిండి రాలిపోతుంది. వేపిన నువ్వులో వేరుశనగపప్పో దంచి అందులో కలిపితే నిలుస్తుంది. రుచి సున్నుండకు పూర్తిగా సరిరాదు, వేరొక మంచి రుచి. పాలతాలికలను కొబ్బరిపాలతో చేయవచ్చును. మరిగే నీటిలో చిటికెడు ఉప్పు వేసి బియ్యపుపిండి ఉడికించి, చేతితో బాగుగా మర్దించి తాలికలు చేయవలెను. సగ్గుబియ్యం ఉడుకుతున్న నీటిలో వాటిని వేసి, కదపకుండ ఉడకనిచ్చి, బెల్లం పాకం, ఏలకులపొడి కలిపి, పొయ్యిమీదనుండి దింపిన తరువాతనే చిక్కని కొబ్బరిపాలు పోయవలెను. ముందే పోసి మరిగించితే విరిగినట్లగును. వేడి ఆవుపాలలో బెల్లం వేసి పాలు విరిగి లబలబలాడిన గృహిణులకు ఈ మెలకువ చెప్పనవసరం లేదు.

అసలు కష్టం భోజనం చివర వస్తుంది. పెరుగన్నంతో గాని తెలుగువాని భోజనం ముగియదు. పిల్లలు తల్లుల మనసు నొప్పించేది కూడ సరిగా అక్కడనే. ఇందుకు రెండు ఉపాయాలు ఉన్నవి. ఒకటి వేరుశనగ పెరుగు. ఒక గ్లాసు పప్పు రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, మూడు గ్లాసుల నీటితో మెత్తగా రుబ్బి వడకట్టవలెను. ఆ పాలను అడుగంటకుండ కలియబెట్టుచు కాచి, గోరువెచ్చగా అయిన తరువాత అయిదారు మిరపకాయ తొడిమలు వేసి మూతపెట్టవలెను. మిరప పండే సీమకు తొడిమలు కరవా! వాటినంటియుండే సూక్ష్మజీవులే తోడు. మొదటి తోడు పలుచగా, కొంత వాసనగా ఉంటుంది. దానిని తోడుగా వాడి రెండవసారి చేసినది బాగుంటుంది. గేదెపెరుగువలె గడ్డ కట్టునని ఎవరైనా చెప్పితే నమ్మవద్దు. పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు పోపు పెట్టి అన్నంలో కలిపితే మాత్రం నిస్సందేహంగా తినవచ్చును.

రెండవది మన పూర్వులు వాడిన తరవాణి. అన్నం వార్చిన గంజిని కుండలో పోసి పులియనిచ్చి, ప్రతిదినము కొంత తీసి కొంత చేర్చుచు, నిమ్మాకో దబ్బాకో వేసి ఉంచేవారు. చద్దన్నంలో ఆ పులుపు పోసికొని ఉల్లిపాయ నంజుకొని పొలం పోయేవారు. పాడి లేని ఇంటివారి తిండి అని దానిని చిన్నచూపు చూచినాము. పాడి ఉన్నవారి మజ్జిగకుండ, లేనివారి తరవాణికుండ – పంక్తిలో ఈ భేదమే కులభేదంవలె కనిపించిన రోజులు ఉన్నవి. చెన్నయ్య అంబలిని తలచినపుడైనా తరవాణిని హీనంగా చూడలేము.

ఆరోగ్యం మాట దాచి వ్రాయుట తప్పు. పాలు పూర్తిగా మానినవారికి బి12 విటమిను ఏ కూరగాయనుండియు, ఏ పప్పునుండియు నమ్మదగినంత రాదు. వారు వైద్యుని అడిగి మాత్రలు వాడవలసినదే. సున్నం విషయం అంత భయపడవలసినది కాదు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, అంతే తూకం ఆవుపాలలో సుమారు 120. రాగులలోనిదంతా వంటికి పట్టదన్నది నిజమే. నువ్వులు, ఆకుకూరలు తోడు కావలెను. ఎదిగే పసిపిల్లలకు, గర్భవతులకు వైద్యుని సలహా లేకుండ ఇంటి పెద్ద తన వ్రతాన్ని రుద్దరాదు.

వైశాఖ శుద్ధ తదియనాడు బసవజయంతి వస్తుంది. అప్పటికి మన మెట్టలో ఎండ నిప్పులు చెరుగుతూ ఉంటుంది. దాసోహంలో మొదట ఇచ్చేది పానకం. అయిదు లీటర్ల నీటికి కిలో బెల్లం చొప్పున, ఏబదిమందికి పది లీటర్లు చాలును. మిరియాలు, శొంఠి, ఏలకులు దంచి కలుపుతారు. తరువాత పులిహోర, గుగ్గిళ్ళు, బూరెలు. పెరుగు కోరినవారికి పెరుగు ఉంచవచ్చును, వద్దన్న పిల్లవానిని పదిమందిలో ప్రశ్నింపకుండ ప్రక్కన వేరుశనగ మజ్జిగ ఉంచవచ్చును. ఆ కుండకు అయ్యే పని ముందునాటి రాత్రి ఒక గ్లాసు పప్పు నానబెట్టుటతో మొదలు.