తెల్లబరచిన రాగి

రోమన్ల నిజాయితీని సింహళ రాజొకడు మెచ్చుకున్న కథ ప్లినీ రాశాడు. క్లాడియస్ చక్రవర్తి కాలంలో ఎర్రసముద్రపు పన్నుల గుత్తేదారు తాలూకు మనిషి ఒకడు గాలివాటుకు కొట్టుకుపోయి ఆ ద్వీపం చేరాడట. అతని దగ్గర దొరికిన దేనారియస్‌లు, అంటే రోమన్ వెండి నాణేలు, రాజు కంటబడ్డాయి. వాటి మీది ముఖాలు వేరు, కొట్టించిన పాలకులు వేరు. తూకం మాత్రం ఒక్కటే. బొమ్మల్ని దాటి బరువు దగ్గర ఆగిన ఆ చూపు, ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు, కుండల్ని దాటి మట్టిని చూడమని నేర్పిన చూపుకి దగ్గరి చుట్టమనిపిస్తుంది నాకు.

రూప్యం అంటే పాణిని లెక్కలో రూపం కొట్టినది. మన రూపాయి అక్కడిదే. నామరూపాల చిక్కు నాణేనికి పుట్టుకతోనే వచ్చిందన్నమాట. ముద్ర లేనిదే చెల్లదు, ముద్ర మాత్రం వెండి కాదు.

క్రీ.పూ. 211 ప్రాంతంలో, హన్నిబాల్‌తో యుద్ధం నడుస్తుండగా, దేనారియస్ పుట్టింది. తర్వాత రోమన్ పౌను వెండికి 84 నాణేల చొప్పున నిలిచింది. ఒక్కోటి ఇంచుమించు 4 గ్రాములు. క్రీ.శ. 64లో నీరో అదే పౌనుకి 96 కొట్టించాడు, రాగి పాలూ పెంచాడు. తర్వాతివాళ్లకు సైనికుల జీతాలున్నాయి, యుద్ధాలున్నాయి. సెప్టిమియస్ సెవెరస్ నాటికి మిగిలింది దాదాపు సగం వెండి. 260ల చివరికి వచ్చేసరికి, దేనారియస్ చోటికి వచ్చిన కిరణాల కిరీటపు నాణెంలో నూటికి అయిదు పాళ్లయినా లేదు.

నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1,531 దేనారియస్‌లు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ నీరోకు ముందరి అగస్టస్, టిబేరియస్‌లవే. నీరో తర్వాతి వెండి మన దేశపు నిధుల్లో అరుదు. ఇక్కడి వర్తకులు పాత నాణేల్నే ఏరి కోరారని చాలామంది చరిత్రకారుల మాట. నాణేనికీ నాణ్యానికీ ఒకే మాటగా బతికిన భాష మనది, వాళ్లను తప్పుపట్టలేం.

భ్రమను చెప్పడానికి అద్వైతులు వెండిలా మెరిసే ముత్యపుచిప్పను చూపిస్తారు. చిప్పలో వెండి ఏనాడూ లేదు, వెలుగు పడగానే భ్రమ తొలగుతుంది. అజ్ఞానానికి ఆ ఉపమానం చాలు. మనసు కల్తీకి మాత్రం చాలదేమో! మన భక్తిలోనో దానంలోనో మొదట నిజంగానే వెండి ఉంటుంది. ఏదో అవసరం వచ్చి ఓ పాలు తగ్గిస్తాం, మరో అవసరానికి ఇంకో పాలు. పేరు మారదు, బొమ్మ మారదు. ఏ రోజున రాగి అయిపోయామో చెప్పమంటే చెప్పలేం. దీనికి దేనారియసే సరైన ఉపమానం.

కల్తీని దాచడానికి టంకశాలవాళ్ల ఉపాయం ఒకటుంది. బిళ్లను కాల్చితే పైపొరలోని రాగి నల్లబడుతుంది. పులుపులో వేస్తే ఆ నలుపు కరిగిపోయి, మిగిలిన వెండి పైకి తేలుతుంది. చింతపండుతో పూజచెంబు తోమే ఇంట్లో ఈ రసాయనం కొత్తది కాదు. ఆ తర్వాత ముద్ర కొడితే సంతలో తెల్లగా తళతళలాడుతుంది. లోపల ఏముందో కొట్టినవాడికి తెలుసు.

అయితే చేతులు మారే కొద్దీ ఆ పొర అరుగుతుంది. ముందుగా అరిగేది ఎత్తుగా ఉన్న చోటే. చక్రవర్తి ముక్కు మీద, చెక్కిలి మీద, కిరీటపు కిరణాల కొసల మీద ఎర్రగా రాగి తొంగిచూస్తుంది.